దుర్బీను కింద పసుపు

మొన్న దసరాకు నాలుగు రోజుల ముందు మా బావగారి మనవడు కొత్త రైఫిలు తెచ్చి, ఆర్మూర్‌లోని మా ఇంటి వసారాలో కూర్చుని దాని మీద గురి చూసే దుర్బీను బిగించాడు. చేలమీద పడే అడవిపందులను కొట్టడానికి అనుమతి ఉన్నవాడు. మరలన్నీ బిగించాక ఒక్కో మర తల మీంచి దుర్బీనును పట్టి ఉంచే రింగు మీదికి గోళ్ళరంగుతో సన్నని గీత గీశాడు. ఎందుకురా అంటే, మర వెంట్రుకవాసి కదిలినా గీత తప్పి తెలిసిపోతుందట. చాటలో బియ్యం ఏరుతున్న నా చేతులు అక్కడే ఆగిపోయాయి.

నేను కొత్త కోడలిగా వచ్చిన ఏడాదే బావగారు, అంటే మా ఆయనకు అన్నగారు, తుపాకి కొని దానికి దుర్బీను తెప్పించారు. ఆయన చూపు గురించి ఊరంతా చెప్పుకునేవారు. మంచె మీద కూర్చుని, అల్లంత దూరాన దారి మీద వచ్చేదెవరో నడకను బట్టి చెప్పేవారు. గురి కుదిర్చే రోజున నన్ను ఎర్రబొట్టు కలపమన్నారు. పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుందని మన తరం ఆడవాళ్ళకు వేరే చెప్పాలా? మట్టి నింపిన పాత పసుపు గోనెకు రూపాయంత బొట్టు పెట్టాను. ఆయన ఇసుక సంచుల మీద తుపాకి ఆన్చి, మూడు తూటాలు కాల్చడం, వెళ్ళి చూడడం, దుర్బీను మీది చక్రం కొద్దిగా తిప్పడం, మళ్ళీ మూడు కాల్చడం, ఇలా పొద్దంతా చేశాక మూడు చిల్లులూ నా బొట్టులోనే పడ్డాయి. ఆ సంబరంలోనే అందరికీ చెప్పారు, “గీ దుర్బీను ఎవ్వలు ముట్టద్దు. ఒక్క మర వదులైనా మళ్ళ గురి చూడాలె.”

నేనూ విన్నాను. కానీ దసరా నాడు నాగలికీ కొడవలికీ ఒళ్ళంతా పసుపు రాసి, తుపాకికి మాత్రం దుర్బీను కింద రాయకుండా వదిలితే పూజ అరకొర అవుతుందేమోనని నాకు ఒకటే పీకులాట. బావగారు జమ్మికి పోయిన వేళ చూసి మరలు వదులుచేసి, దుర్బీను ఎత్తి, కింద నిండుగా పసుపు రాసి, కంటికి సరిగ్గా ఉన్నట్టే మళ్ళీ బిగించాను. తిడతారని చెప్పలేదు.

మర్నాడు తెల్లవారేసరికి కమ్మర్‌పల్లి దగ్గరి మా పసుపు చేనులో, అంతరపంటగా వేసిన మక్కజొన్నలో పంది పడింది. బావగారి తూటా గుండెకు తగలాల్సింది డొక్కకు తగిలింది. దెబ్బతిన్న పంది తిరగబడి, దారికి అడ్డంగా నిలబడ్డ మా జీతగాడి తొడ చీల్చేసింది. ప్రాణం దక్కింది గానీ కాలు మళ్ళీ సాగలేదు. బావగారు తన చూపే దెబ్బతిన్నదని అందరికీ చెప్పి తుపాకిని ఠాణాలో అప్పగించేశారు. ఆ తర్వాత దారిన ఎవరు వస్తున్నారని మమ్మల్నే అడిగేవారు. జీతగాడు మాత్రం రోజూ కర్ర పొడుచుకుంటూ వచ్చి, కండ్లు పోతే నువ్వేం జేస్తవు పటేలా అని ఆయననే ఓదార్చేవాడు. కర్ర టకటక వినబడితే నేను వంటింట్లోకి పోయేదాన్ని.

గోళ్ళరంగు గీతలు చూసిన ఆ సాయంత్రం ఇక దాచలేకపోయాను. మంచం మీద ఉన్న బావగారి దగ్గర కూర్చుని అంతా చెప్పేశాను. ఆయన దిండుకు ఆనుకుని లేచి కూర్చున్నారు.

“తూటా తప్పినంక మర గాడిల పసుపు గా పొద్దుగాలనే జూసిన బిడ్డా. నువ్వచ్చి ఆర్నెల్లు గూడ గాలె. నీ పేరు జెప్తే గీ ఇంట్ల ఎట్ల బతుకుతుంటివి?”

అంటే ఆయన చూపు ఏనాడూ పోలేదు. నా కోసం ఇన్నేళ్ళూ చూడనట్టు బతికారు. నేను ఏడ్చాను, కానీ బరువు దిగలేదు. నేను చెప్పాల్సింది ఆయనకు కాదు; చెప్పాల్సిన ఆ జీతగాడు పోయిన వానాకాలంలోనే చనిపోయాడు. ఈ కాలం పిల్లలు అదృష్టవంతులు, వాళ్ళ మర కదిలితే గీత పట్టిస్తుంది. మా వీధికి ఇప్పుడు సిమెంటు రోడ్డు వేశారు. దాని మీద అతని కర్ర చప్పుడు నాకు ఇంకా గట్టిగా వినబడుతోంది.