పూర్వ విద్యార్థిగా నా సాక్ష్యం

కాలేజీకి గ్రేడు ఇచ్చే కమిటీ వస్తోందనీ, పూర్వ విద్యార్థిగా వచ్చి నాలుగు మంచి ముక్కలు చెప్పాలనీ నా క్లాస్‌మేటు షాపుకొచ్చి అడిగినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. నరసరావుపేటలో నాది బోరు మోటార్ల షాపు. మోటారు విప్పడం, బిగించడం మా మేనమామ దగ్గర నేర్చుకున్నాను. ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ చదివిన నాలుగేళ్ళూ మోటారు మీద చెయ్యి వేసిన పాపాన పోలేదు. ల్యాబ్‌లో ఉన్న ఒక్కగానొక్క మోటారుకి ఛైర్మన్ గారు దండేసి, కొబ్బరికాయ కొట్టి, తాళం వేయించారు. పిల్లలు ముట్టుకుంటే పాడవుతుందట.

మేం నేర్చిన విద్య వేరే ఉంది. ప్రాక్టికల్ పరీక్షలు పెట్టడానికి బయటి కాలేజీ నుంచి ఒక ఎక్స్‌టర్నల్ వచ్చేవాడు. ఆయన్ని మేపే పని విద్యార్థులది. ఆ శాఖ నాదీ, ఈ క్లాస్‌మేటు గాడిదీ. కోటప్పకొండ రోడ్డులోని ఒక హోటల్ నుంచి నాటుకోడి పులుసు మోసుకొచ్చేవాళ్ళం. ఆయన తిని, కునుకు తీసి లేచేసరికి క్లాసంతా పాసు. రికార్డుల్లో రీడింగులు వీడు అల్లేవాడు. ఆయన ఎక్కడైనా అనుమానపడితే నేను మాటలతో సర్దేవాణ్ణి. మా స్నేహం అక్కడ కుదిరింది, ఇంతవరకూ చెడలేదు.

చదువయ్యాక నేను షాపులో కూర్చున్నాను. ఏ కంపెనీ పిలవక వీడు అదే కాలేజీలో లెక్చరరయ్యాడు. తనకు రానిది పిల్లలకు చెప్పడం కష్టమే అయ్యుండాలి గానీ, వీడికి ఎప్పుడూ కష్టమనిపించినట్టు లేదు.

“గ్రేడు రాకపోతే మా డిపార్ట్‌మెంటు ఎత్తేస్తానంటన్నాడురా ఛైర్మన్. ఈ వయసులో నన్నెవుడు పెట్టుకుంటాడు?” అన్నాడు.

“బాగుపడ్డోళ్ళని పిలుచుకోపో.”

“ఆళ్ళు ఫోనెత్తట్లేదు.”

వెళ్ళాను. చదువుకునే రోజుల్లో మా నమస్కారానికి తలైనా ఊపని ఛైర్మన్ గారు రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నారు. ల్యాబ్ తాళం తీసి మోటారుకి కొత్తగా రంగేశారు, అది ఇంకా ఆరలేదు. ల్యాబ్‌లోనే వేసిన నా కుర్చీ ముందు నా పేరు, కింద ‘నీటి యాజమాన్య రంగంలో పారిశ్రామికవేత్త’ అని రాసిన అట్టముక్క. పేరు గొప్ప ఊరు దిబ్బ అంటే ఏమిటో చెప్పడానికి ఆ అట్టముక్క చూపిస్తే చాలు.

కమిటీలో ఓ పెద్దాయన అడిగాడు, ఈ కాలేజీ మీకేమిచ్చిందని. ఉన్నదున్నట్టు చెప్పేద్దామనే నోరు తెరిచాను. తలుపు దగ్గర వీడు నీళ్ళ బాటిళ్ళు పట్టుకుని నిలబడ్డాడు. నలభై దాటిన మనిషి, మొహం అచ్చం పరీక్షకొచ్చిన పిల్లాడిలా ఉంది.

“ప్రాక్టికల్స్ మీద ఇంత శ్రద్ధ నేనింకెక్కడా చూడలేదండీ. మోటారు చప్పుడు విని జబ్బేమిటో చెప్పగలుగుతున్నానంటే ఈ ల్యాబ్ చలవే” అన్నాను.

పెద్దాయన మెచ్చుకోలుగా తలూపి రాసుకున్నాడు. అంత చదివినాయన లేచి పది అడుగులు వేసి, ఆ మోటారుని ఒక్కసారి వేలితో తాకి ఉంటే రంగు అంటుకునేది. తాకలేదు, భోజనాల వేళయింది. ఏం పెట్టారో చెప్పక్కర్లేదు.

గ్రేడొచ్చింది. డిపార్ట్‌మెంటు నిలిచింది, వీడి ఉద్యోగమూ నిలిచింది. నకరికల్లు దాకా రోడ్డు పొడుగునా కాలేజీ వాళ్ళు నా ఫొటోతో ఫ్లెక్సీలు కట్టారు.

అడ్మిషన్ల రోజుల్లో వీడు లడ్డూల పొట్లంతో షాపుకొచ్చాడు. కూతురికి విజయవాడలో ఇంజనీరింగ్ సీటొచ్చిందట.

“మన కాలేజీలో ఎయ్యలేదేందిరా? స్టాఫ్ పిల్లలకి ఫీజు తగ్గిస్తారుగా” అన్నాను.

వీడు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. “పిల్ల బతుకు గదరా” అన్నాడు.

నేను నిలబెట్టిన జీతంతో ఇంకో కాలేజీకి ఫీజు కడుతున్నాడన్నమాట. నాలుగు దులుపుదామనుకునేలోపు నకరికల్లు రైతు ఒకాయన స్టార్టరు కోసం లోపలికొచ్చాడు. నన్ను చూడగానే మొహం వెలిగింది.

“రోడ్డు మీద నీ బొమ్మ చూసే మావాణ్ణి మీ కాలేజీలో ఏశాను బాబూ. వాడికి నువ్వంటే చానా గురి” అన్నాడు.

వీడు తడుముకోకుండా పొట్లం ఆయన ముందుకు చాచాడు. “తీసుకో బాబాయ్. మా పాపకి ఇంజనీరింగ్ సీటొచ్చింది.”

ఆయన లడ్డూ కళ్ళకద్దుకుని, “మావోడు గూడా మీ మాదిరే పైకి రావాల” అన్నాడు.

ఇద్దరం ఒకేసారి తలూపాం. ఆ నిమిషంలో వీడి మొహం చూడాలంటే నాకు ఒళ్ళు మండింది. వీడూ నా వైపు చూడలేదు. స్టార్టరు తీసి ఇచ్చాను, ఆయన వెళ్ళిపోయాడు.

సాయంత్రం మామూలుగానే ఇద్దరం కలిసి టీ తాగాం.