పేగులు అతికిన చేతులు

గట్టి చట్రమున్న ఎయిర్‌షిప్‌ల, అంటే గ్యాస్‌తో గాల్లో తేలే ఓడల చరిత్ర ఎవరు చెప్పినా వాటిని కట్టించిన ఒక దొర మీసాలతో మొదలుపెట్టి ఒక ఓడ తగలబడిన మంటతో ముగిస్తారు. నేను ఒప్పుకోను. ఆ కథ పశువుల పేగుల దగ్గర మొదలవుతుంది. అల్యూమినియం చట్రం లోపల గ్యాస్ నిలవాలంటే సంచులు కావాలి. ఆ సంచులకు ఆవు పేగు మీది పలచటి పొర కావాలి. ఉప్పులో ఊరి వచ్చిన ఆ పొరలను కడిగి, కొవ్వు గీకి, తడి ఆరకముందే ఒకదాని అంచు మీద ఇంకొకటి పరిచి అతికింది కార్ఖానాల్లోని ఆడవాళ్ళు. పెద్ద ఓడ ఒక్కదానికే లక్షల పొరలు.

ఇదంతా తవ్వి తీసింది మా అమ్మాయి. మేం వలస వచ్చి ఉంటున్న హౌగాంగ్‌లో మన తెలుగు పిల్లల సైన్సు ప్రదర్శన కోసం సెలవులన్నీ కూర్చుని అట్ట మీద రాసింది. అదీ తెలుగులో. తెలుగు రాయమంటే పారిపోయే పిల్ల!

ఆ ఉదయం దీపం వెలిగించే బల్ల పక్కనే దాని అట్ట పెట్టారు. ఏర్పాట్లు చూస్తున్న పెద్దాయన చదివి ముఖం చిట్లించారు.

“ఏమ్మా, పూజ దగ్గర ఆవు పేగులేంటమ్మా? ‘ఒక రకం గుడ్డ’ అని రాస్తే పోలా?”

“మీ బెల్టు ఏ రకం గుడ్డ అంకుల్?” అన్నాను, ఆయన తోలు బెల్టు చూపిస్తూ.

“నీతో నేను పడలేను తల్లీ,” అని నవ్వి వెళ్ళిపోయారు. గెలిచాననుకున్నాను. పులిహోర గిన్నెలు మోసుకొచ్చేసరికి ఆ వాక్యాల మీద తెల్ల కాగితం అంటించి ఉంది. పేగులతో పాటు ఆడవాళ్ళూ దాని కిందే. అట్ట మీది దొర బొమ్మ మాత్రం మీసాలతో సహా భద్రం.

అప్పుడే ఒకావిడ వచ్చి అడిగింది, “గ్యాస్ దేంట్లో ఉండేదమ్మా?”

అమ్మాయి ఆ కాగితం వైపు చూసి, “గుడ్డలో, ఆంటీ,” అంది.

నాకు ఒళ్ళు మండింది. కాగితం పట్టుకుని లాగాను.

“అమ్మా, లీవ్ ఇట్ లా,” అంది అమ్మాయి ఇక్కడి ఇంగ్లీషు యాసలో, “అందరూ చూస్తున్నారు!”

జిగురుతో పాటు అమ్మాయి రాసిన అక్షరాలూ ఊడొచ్చాయి. పెద్దాయన పరుగున వచ్చారు.

“ఇంత రభస దేనికమ్మా? ఆ ఆడవాళ్ళేమన్నా అందులో ఎక్కి తిరిగారా ఏంటి?”

వెక్కిరింతకే అన్నారు. కానీ అది నాకూ తెలియదు. అమ్మాయే స్కెచ్ పెన్ను తీసి, చిరిగిన చోటే ‘ఆవు పేగులు. అతికింది ఆడవాళ్ళు’ అని ఇంకా పెద్ద అక్షరాలతో రాసింది.

ఆ తర్వాత ఈ ఓడల గురించి దొరికినవన్నీ చదివాను. ఎక్కినవాళ్ళు ఏం తిన్నారో, ఎలాంటి పియానో వాయించారో కూడా రాసిపెట్టారు. ఒక్కటి మాత్రం ఎక్కడా దొరకలేదు: ఆ సంచులు అతికినవాళ్ళలో ఒక్కరినైనా, ఒక్కసారైనా ఎక్కించారా?