మూడు బస్తాల సగటు

పెంచి చెప్పడం నా జబ్బు, ముందే ఒప్పుకుంటున్నాను. మా బావ మిర్చి రైతు. గోదాములో వేసే ముందు కాయల తేమ సగటు చూసుకోవడానికి ఆయన ఫోనుకి ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. పదకొండు శాతం దాటితే బూజు ఖాయం. కళ్లంలో మూడు బస్తాలు కొలిచాం: పదకొండు, పన్నెండు, పన్నెండు. సగటు పదకొండు అంది ఫోను.

బావ ఒక కాయను చెవి దగ్గర ఊపాడు. "గింజ గలగలమనట్లేదురా. ఇంకో రెండు ఎండలు పడాలి."

"నీ చెవికంటే నా ప్రోగ్రాం నయం బావా, ఎత్తించెయ్!" అన్నాను, పిడుగురాళ్ల సున్నపు బట్టీల దాకా వినపడేలా.

సగటు దశాంశాల్లో కావాలని ఒక్క మాట రాయడానికి బద్ధకించాను. ఏ రకం అంకెలో చూసి ఊహించుకునే తెలివి నేను ప్రోగ్రాం రాసిన భాషకే ఉంది, రాసేవాడికి చాకిరీ తప్పుతుంది. అది చూసినవన్నీ పూర్ణాంకాలే కనుక సగటూ అంతే అనుకుని, పదకొండు మీద మిగిలిన మూడింట రెండొంతుల భిన్నాన్ని చప్పుడు చేయకుండా పారేసింది. అడిగి ఉంటే చెప్పేవాణ్ణి. అది అడగదు.

నెల తిరిగాక గోదాము తెరిస్తే, ఏడాది పంట మీద కొండంత బూజు. "ఒక్క మాట రాస్తే నీ వేళ్లు అరిగిపోతాయట్రా?" అని బావ నన్ను నడిబజారులో ఉతికేశాడు.

నేను కల్పించింది ఆ తిట్లే. బావ చేసింది ఇదొక్కటే: ఒక కాయ తీసి, అలవాటుగా చెవి దగ్గర ఊపి, తిరిగి బస్తాలో వేశాడు.