టీచరు గారి పెద్ద కారు

మొన్నామధ్య ఒక పెళ్లికి వెళ్లాల్సి వచ్చి స్నేహితురాలి కారెక్కాను. మధ్యాహ్నపు ఎండలో చాలాసేపు నిలబెట్టిన పాత కారు అది. తలుపు తియ్యగానే వేడెక్కిన తోలు వాసన ముఖానికి కొట్టింది. కొత్త తోలు వాసన కాదు. ఏళ్ల తరబడి మనుషుల వీపులకూ అరచేతులకూ అలవాటుపడి, మధ్యమధ్య ఎవరో ఓపిగ్గా నూనె పట్టిస్తూ వచ్చిన తోలు వాసన. ఎక్కకుండా తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఏమైందని స్నేహితురాలు అడిగితే ఏమీ లేదన్నాను. దారి పొడవునా తను ఏదో చెబుతూనే ఉంది. నేను మాత్రం బిలాస్‌పూర్ సర్కండాలో, పైడమ్మ టీచరు గారి వాకిట్లో ఉన్నాను.

పైడమ్మ టీచరు గారు మా రైల్వే బడిలో లెక్కలు చెప్పేవారు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పనికోసం తాతల కాలంలో బిలాస్‌పూర్ వచ్చి ఉండిపోయిన కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, బడిలో రెండూ కలిపి మాట్లాడేవాళ్లం. నేను లెక్కల్లో చాలా వెనక. బోర్డు దగ్గర సుద్దముక్క పట్టుకుని నిలబడితే వెనక బెంచీల నుంచి ఎవరో ఒకరు జాలిపడి జవాబు అందించేవారు. టీచరు గారికి నా తెలివితక్కువతనం మీద కాదు, ఆ అందించేవాళ్ల మీద కోపం వచ్చేది. "దాని లెక్క అది చేసుకుంటాది. నువ్వు కూర్చో" అనేవారు. నేను ఎంతసేపు నిలబడితే ఆవిడా అంతసేపు నిలబడేవారు. గంట కొట్టినా కదిలేవారు కాదు.

బడికి ఆవిడ స్కూటరు మీద వచ్చేవారు. భర్త నూకరాజు గారు టికెట్ ఇన్‌స్పెక్టరు. రైల్లో ఆయన నల్ల కోటు కనబడితే పెట్టె పెట్టంతా సర్దుకుని కూర్చునేదట. అంతటి మనిషీ స్కూటరు మీద ఆవిడ వెనకాల, ఒళ్లో టిఫిన్ సంచీ పెట్టుకుని, వేగం ఎక్కువైనప్పుడల్లా కళ్లు మూసుకుని కూర్చునేవారు. కాలనీలో అందరూ నవ్వేవారు. వాళ్లందరికంటే ఎక్కువ ఆయనే నవ్వేవారు. వాళ్లకి పిల్లలు లేరు. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, అర్పా నది దాటి సర్కండాలో చిన్న ఇల్లు కట్టుకున్నారు.

నేను ఫిజియోథెరపీ చదివి కొత్తగా ఇళ్లకు వెళ్లి వైద్యం చేస్తున్న రోజుల్లో నూకరాజు గారు మా అమ్మకి ఫోన్ చేశారు. టీచరు గారికి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యీ ఎడమ కాలూ పడిపోయాయని, ఆసుపత్రి వైద్యం అయిపోయినా ఇంకా కోలుకోలేదని, ఒకసారి వచ్చి చూడమని అడిగారు. వెళ్లాను. మనిషి సన్నబడ్డారు. మాట మాత్రం స్పష్టంగానే ఉంది, చూపూ అదే. నన్ను చూడగానే గుర్తుపట్టి, భిన్నాలు వచ్చాయా అని అడిగారు.

కొన్ని నెలల్లో చేతికర్ర పట్టుకుని ఇంట్లో నాలుగు గదులూ తిరిగేలా అయ్యారు. అంతవరకే. వీధి గుమ్మం దాటేవారు కాదు. ఏడాది దాటినా అదే తీరు. జబ్బు చేసిన రోజు చుట్టుపక్కల మగవాళ్లు నలుగురు చేరి ఆవిడని ఆటోలోకి ఎత్తారట. చీర తొలగిపోతోందని చెబుదామన్నా అప్పుడు నోరు కదల్లేదట. వీధంతా చూస్తూ నిలబడింది. ఆ సంగతి ఆవిడ నాతో ఒక్కసారే చెప్పారు, గోడ వైపు తిరిగి. ఆ తర్వాత ఆటో అన్నా, చక్రాల కుర్చీ అన్నా మాట మార్చేసేవారు.

అలాంటప్పుడు ఒకరోజు నేను వెళ్లేసరికి వాకిట్లో పెద్ద కారు ఉంది. ఎప్పుడో ఒక గని యజమాని విదేశం నుంచి తెప్పించుకున్న కారట. ఆయన పోయాక ఏదో రైసుమిల్లు షెడ్డులో ఊక కింద పడి ఉంటే నూకరాజు గారు ట్రాక్టరుకు కట్టించి లాక్కొచ్చారు. ముందు దీపం ఒకటి లేదు. అడుగు రేకు తుప్పు పట్టి, లోపల కూర్చుంటే నేల కనబడేది. సీట్ల లోపలి దూది ఎలుకలు తోడేశాయి. కానీ ఆ దుమ్ము కింద, ముందు డాష్‌బోర్డు పలక పొడవునా మంచి చెక్క ఉంది. తలుపు మూస్తే చప్పుడు వినబడీ వినబడనట్టుగా ఉండేది. ఆయనకి కార్ల గురించి ఏమీ తెలీదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకునేవారు. సిర్గిట్టిలో వెల్డింగు దుకాణం నడిపే సాహూ అనే ఆయన సెలవు రోజుల్లో వచ్చి, పాడైన రేకు కోసి కొత్తది అతికించేవాడు. ఒకసారి నూకరాజు గారు వైర్లన్నీ తానే కలిపారు. హారన్ నొక్కితే అద్దం తుడిచే పుల్లలు ఆడాయి. సాహూ వాకిట్లోనే కూలబడి నవ్వాడు. కిటికీ దగ్గర కూర్చున్న టీచరు గారు అన్నీ చూసేవారు.

కారెందుకో నాకు కొన్నాళ్లకి తెలిసింది. నూకరాజు గారు నన్ను పక్కకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పారు. ఆటోకి మెట్టు ఎత్తు, మామూలు కారుకి తలుపు ఇరుకు. దీనికి తలుపు బారుగా ఉంది. ముందు ఎడమ సీటు కింద లారీ చక్రంలోని పాత బేరింగు పెట్టిస్తే, సీటు మొత్తం వీధి వైపుకి తిరుగుతుంది. ఆవిడ తనంతట తాను కూర్చోవచ్చు, ఎవరూ ఎత్తక్కర్లేదు. తర్వాత సీటుని లోపలికి తిప్పి, కదలకుండా గొళ్లెం పెడితే సరి. "టీచరమ్మకి చెప్పకమ్మా. తయారయ్యాక చూపిద్దాం" అన్నారు. అందుకు ఆవిడ మోకాలి ఎత్తు కావాలి. నేను వ్యాయామం పేరు చెప్పి కొలిచి ఇచ్చాను.

ఆ చలికాలమంతా ఆయన దాని మీదే ఉన్నారు. చెక్క పలకని విప్పి వరండాలో పెట్టుకుని గరుకు కాగితంతో రుద్దేవారు. పాత తోలుని సబ్బునీళ్లతో తుడిచి, నీడలో ఆరబెట్టి, నూనె పట్టించేవారు. రంగు మాత్రం సాహూ వేశాడు, లేత బూడిద రంగు. ఇంజను మొదటిసారి పలికిన రోజు ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

సీటు తయారైన రోజు నన్ను కూడా రమ్మన్నారు. నూకరాజు గారు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. టీచరు గారు చేతికర్ర ఆనించుకుంటూ, మెట్లు ఒక్కొక్కటే దిగి వాకిట్లోకి వచ్చారు. చాలా కాలానికి వచ్చారు. నేను పక్కనే నడిచాను. ఆయన తలుపు తీసి సీటుని బయటికి తిప్పి చూపించారు. ఆవిడ కుడిచేత్తో తోలుని నొక్కి చూశారు. సీటుని తనే ఒకసారి లోపలికి, ఒకసారి బయటికి తిప్పారు.

"బాగా చేసేరు. ఇందులో నన్ను ఎక్కడికి తీసుకెల్తారు?" అన్నారు.

ఆయన ఉత్సాహంగా చెప్పుకుపోయారు. రతన్‌పూర్ గుడికి, బజారుకి, పాత కాలనీకి, సాయంత్రాలు నది ఒడ్డుకి. ఆవిడ పూర్తిగా విన్నారు.

"అన్నీ మీరే అనీసుకున్నారు" అని, కర్ర తిప్పుకుని లోపలికి వెళ్లిపోయారు.

నూకరాజు గారు చాలాసేపు కారు పక్కనే నిలబడ్డారు. తర్వాత దాని మీద టార్పాలిన్ కప్పేశారు. ఆ వారమంతా ఆ ఇంట్లో మాటల్లేవు. ఆయన వంట చేసి గిన్నెలు బల్ల మీద పెట్టేవారు, ఆవిడ తినేవారు. నేను వెళ్తే వ్యాయామం వద్దనేవారు. ఆయన కళ్ల కింద నల్లగా అయ్యింది. ఇన్ని నెలల కష్టం కంటే, తనకి ఆవిడ మనసు తెలియకుండా పోయిందన్న బాధే ఆయనని ఎక్కువ తినేసినట్టుంది.

ఒకరోజు ఆయన కూరలకి వెళ్లినప్పుడు నేను మంచం పక్కన కూర్చున్నాను. నూకరాజు మావయ్యగారు ఎంత ప్రేమగా చేశారో మీకు తెలీదా అన్నాను.

"ప్రేమ నేదని నేనన్నానేటి?" అన్నారు ఆవిడ. "ఆ రోజు ఎత్తి ఆటోలో ఏసేరు. ఇప్పుడు మెత్తగా కారులో ఏస్తామంటన్నారు. నువ్వొచ్చి నడిపిస్తావు, ఆయనొచ్చి తినిపిస్తారు. అందరూ మంచోళ్లే. నాకేటి కావాలో ఒక్కలు కూడా అడగనేదు, హేమా."

నేను అడిగాను. "మీకేం కావాలి టీచర్ గారూ?"

కిటికీలోంచి టార్పాలిన్ వైపు చూశారు. "రెండో పక్క సీటు" అన్నారు.

నాకు అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. ఆవిడ అడిగేది కారు నడిపే సీటని అర్థమయ్యాక భయం వేసింది. కానీ వైద్యం చేసేదాన్ని కాబట్టి, భయంతో పాటు లెక్క కూడా మొదలైంది. కుడి చెయ్యి బాగుంది, కుడి కాలు బాగుంది. చూపులో లోపం లేదు. ఆ కారుకి క్లచ్ లేదు, గేరు దానంతట అదే మారుతుంది. నూకరాజు గారు కూరల సంచీతో వచ్చేసరికి ఆ మాట నేనే చెప్పాను. ఆయన పనిముట్ల పెట్టె మీద కూర్చుండిపోయారు. కాసేపటికి నవ్వడం మొదలుపెట్టారు, కళ్లలోంచి నీళ్లు కారుతున్నా నవ్వు ఆగలేదు.

"స్కూటరు మీద ఇన్నేళ్లు ఎనకాలే కూర్చున్నాను కదమ్మా," అన్నారు. "ఎలా మర్చిపోనాను?"

మళ్లీ మొదలైంది పని. తిరిగే సీటుని విప్పి కుడివైపుకి మార్చారు. గేరు మార్చే కర్రని, ఎడమచేత్తో పని లేకుండా, స్టీరింగు కుడి పక్కకి తెచ్చాడు సాహూ. ఒక్క చేత్తో తిప్పడానికి వీలుగా స్టీరింగు మీద గుండ్రటి పిడి బిగించాడు. ఈసారి టీచరు గారు పేము కుర్చీ వేయించుకుని వాకిట్లోనే కూర్చున్నారు. పిడి ఎక్కడుండాలో ఆవిడే చెప్పారు. సాహూ రెండుసార్లు బిగించి రెండుసార్లు విప్పాడు, మేడమ్ తన బడి రోజులు గుర్తుచేస్తున్నారని హిందీలో గొణిగాడు. చెక్క పలకకి చివరి మెరుగు ఆవిడే పెట్టారు. కుడిచేత్తో రుద్దుతూ, ఎడమచేత్తో పలక అంచుని పట్టుకునేవారు. నేను నెలల తరబడి రబ్బరు బంతులిచ్చినా ముడుచుకోని వేళ్లు ఆ చెక్క మీద మెల్లగా ముడుచుకున్నాయి. నూకరాజు గారు ఒకసారి నావైపు చూసి వెంటనే తల తిప్పుకున్నారు.

డాక్టరు పరీక్ష చేశాక, ఆర్టీవో ఆఫీసు చుట్టూ తిరిగి అనుమతి తెచ్చుకునే పని కూడా ఆవిడే దగ్గరుండి చేయించారు. సిర్గిట్టిలో ఒక ఖాళీ స్థలంలో సెలవు రోజుల్లో సాధన చేశారు. ఆ తర్వాత ఒక సాయంత్రం ముగ్గురం బయల్దేరాం. టీచరు గారు సీటు మీద కూర్చుని, తనే లోపలికి తిప్పుకుని, గొళ్లెం వేసుకున్నారు. ఎడమ పక్క నూకరాజు గారు, వెనకాల నేను. గేటు దాటుతుండగానే కారు స్తంభాన్ని రాసుకుంది. తలుపు పొడవునా గీత పడింది. నూకరాజు గారు స్కూటరు మీదలాగే కళ్లు మూసుకున్నారు.

"గీత పడింది," అన్నారు ఆవిడ. "పడనీండి."

ఆ గీతకి తర్వాత ఎన్నడూ రంగు వేయనివ్వలేదు. ఆ సాయంత్రం రతన్‌పూర్ వెళ్లలేదు, నది ఒడ్డుకీ వెళ్లలేదు. సర్కండా బజారులో గుప్‌చుప్ బండి పక్కన కారు ఆపి, తలుపు తీసి, సీటుని వీధి వైపు తిప్పుకుని కూర్చున్నారు. బండివాడు పూరీలో పులుపునీళ్లు నింపి ఒక్కొక్కటే అందిస్తుంటే కుడిచేత్తో తిన్నారు. చీర మీద నీళ్లు పడ్డాయి. దారిన పోయేవాళ్లు చూశారు. ఆవిడా వాళ్లని చూశారు. ఒకప్పటి శిష్యులెవరో దగ్గరికొచ్చి నమస్కారం పెడితే, పులుపుకి కళ్లలో నీళ్లు తిరుగుతుండగా వాళ్ల పిల్లలు ఏం చదువుతున్నారని అడిగారు.

ఆ తర్వాత కొన్నేళ్లు ఆ బూడిదరంగు కారు సర్కండా రోడ్ల మీద నెమ్మదిగా తిరిగేది. వెనకాల ఆటోలు హారన్లు కొట్టినా వేగం పెంచేవారు కాదు. రెండోసారి జబ్బు చేసినప్పుడు టీచరు గారు ఎక్కువ బాధపడకుండానే పోయారు. కారు కొంటామని చాలామంది వచ్చారు. నూకరాజు గారు ఇవ్వలేదు. సాయంత్రం పూట వాకిట్లో ఎడమ సీట్లో కూర్చుని, తలుపు తెరుచుకుని పేపరు చదువుకుంటారు. నేను వెళ్తే పేపరు మడిచి, వెనక సీట్లో కూర్చోమంటారు.

ఆవిడ దగ్గర నేర్చుకున్నది నా పనిలో కలిసిపోయింది. ఈ మధ్యే మస్తూరీ నుంచి ఒక రైతుని నా క్లినిక్‌కి తీసుకొచ్చారు, ఆయనకీ పక్షవాతమే. కొడుకులిద్దరూ చెరో పక్కన నిలబడి, నాన్నని మళ్లీ పొలం దాకా నడిపించాలని, ఎన్నాళ్లు పడుతుందని అడుగుతున్నారు. వాళ్లని బయట కూర్చోమన్నాను. స్టూలు దగ్గరగా లాక్కుని, మీకేం కావాలని ఆయన్నే అడిగాను. ఆయన తలుపు మూసి ఉందో లేదో చూసుకున్నారు. కోడలి చేత చొక్కా బొత్తాలు పెట్టించుకోవడం సిగ్గుగా ఉందని, ఆ పని తానే చేసుకోవాలని మెల్లగా చెప్పారు. మర్నాడు ఇంటి నుంచి మా నాన్న పాత చొక్కా ఒకటి పట్టుకెళ్లాను. ఆయన ముందు బల్ల మీద పరిచి, మొదటి బొత్తాం దగ్గర మొదలుపెట్టాం.