మణికట్టు మీద తెల్లదారం

ఊరి బడిలో ఐదు దాకా చదివిన నేను, పొరుగుదేశం లావోస్ నుంచి మా విన్ పట్టణానికి చదువుకొచ్చిన పదకొండు మంది పిల్లలకు ఇంట్లో చోటిచ్చాను. ఒక్కరూ పరీక్ష తప్పలేదు. నదికట్ట పనికి జిల్లా పతకమూ అందుకున్నాను. పన్నెండో పిల్ల లత్సమీ. ఈసారి టెట్ కొత్త సంవత్సరానికి ఆమె స్నేహితురాలు బువాఫాన్ లావోస్ నుంచి వచ్చింది. అప్పటికి చేపల పడవలన్నీ ఒడ్డు చేరాయి, మా కొడుకు తువాన్ వెళ్లిన పడవ తప్ప.

పండగ పొద్దున బువాఫాన్ మా ఆవిడ మణికట్టుకు తెల్లదారం కట్టింది. వాళ్లకది దీవెన. మాకు తెలుపు చావుబట్ట.

"ఒసే, ఇక్కడ పండక్కి తెల్లది కట్టకూడదే! నీకు ముందే చెప్పాల్సింది, మతిలేనిదాన్ని," అని లత్సమీ తల బాదుకుంది. "తాతా, విప్పేయనా?"

"విప్పితే ఏమవుతుంది?"

"మూడు రోజుల్లోపు విప్పితే దీవెన పోతుందంటారు మావాళ్లు."

మా ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. "ఉండనీ తల్లీ. మా వాడొచ్చి విప్పుతాడు. పతకాల ముసలాయన్ని అడుగుతావేంటి!"

చుట్టాలొచ్చినప్పుడల్లా ఆమె చొక్కా చేతిని కిందికి లాక్కుంటూనే ఉంది. నాలుగో రోజు వచ్చింది, పడవ రాలేదు. ఆమె ముడి విప్పలేదు. చుట్టాలొస్తే ఆమె చొక్కా చేతిని నేనే కిందికి లాగాను.