ముప్పై అయిదుకి దావత్

గల్ఫ్‌లో, సోహార్ అనే ఊళ్లో మా రూమ్‌లో ఎనిమిది మందిమి. అందులో ఇంగ్లీషు చదవగలిగేది నేనొక్కణ్ణే. డిగ్రీ రెండేళ్లు వెలగబెట్టి మానేసినవాణ్ణి. ఏ చెట్టూ లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం కదా, కంపెనీ కాగితాలు, మందుల చీటీలు అన్నీ నా దగ్గరికే వచ్చేవి. అర్థం కాకపోయినా అయినట్టు చెప్పడం నాకు బాగా అలవాటైపోయింది.

నా పక్క మంచం మీద ఒక అన్న ఉండేవాడు, జగిత్యాల వైపు మనిషి. స్కాఫోల్డింగ్ పని, కట్టే బిల్డింగులకి పరంజా కట్టడం. ఇనప పైపులు భుజాన వేసుకుని పైకెక్కాలి. ఆ ఏడాది మొదటి అంతస్తు ఎక్కేసరికే అతనికి ఆయాసం వచ్చేది. సాయంత్రానికి పాదాలు ఉబ్బి బూట్లు ఊడేవి కావు. మేమంతా పెద్ద వైద్యులం కాబట్టి గ్యాస్ అని తేల్చి సోడా తాగించాం. చివరికి తనే ఆస్పత్రికి పోయి గుండెకి ఎకో తీయించుకున్నాడు. డాక్టర్ హిందీలో చాలాసేపు చెప్పాడట. ఈయన అచ్ఛా అచ్ఛా అని తలూపి వచ్చాడు.

"ఏం రాసిండ్రు తమ్మీ? డ్యూటీకి పోవచ్చునా?" అని రిపోర్టు నా చేతిలో పెట్టాడు.

నిండా నాకు తెలియని మాటలే. నడుమ ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని, పక్కన ముప్పై అయిదు శాతం అని ఉంది. ఆ అంకె చూడగానే ప్రాణం లేచొచ్చింది. పదో తరగతి లెక్కల్లో నాకొచ్చిన మార్కులవే.

"ముప్పై అయిదు. పాస్ అన్నా" అన్నాను.

రూమంతా ఈలలు. వెనక పిన్ను కొట్టిన చీటీ ఒకటుంది. మందులూ, బరువు పని వద్దన్న మాటా డాక్టర్ రాసింది అందులోనే. నేను తిప్పి చూడలేదు. పాసైనోడికి మందులెందుకు అన్నాడొక మేధావి. నేనూ తలూపాను.

ఆ శుక్రవారం అన్న దావత్ ఇచ్చాడు. మటన్ తనే తెచ్చి తనే వండాడు. ఉల్లిగడ్డలు కోస్తూ మధ్యమధ్య మంచం మీద కూలబడి ఊపిరి తీసుకున్నాడు. మేం చూస్తూనే తిన్నాం. మూలుగున్న నల్లీ బొక్కలు నా కంచంలోనే పడ్డాయి, చదివిపెట్టిన వాణ్ణి కదా. మర్నాడు సూపర్‌వైజర్‌కి కూడా నేనే చెప్పాను. వాడు రిపోర్టు ముట్టుకోనైనా లేదు. "పాస్ హై తో ఊపర్ చఢ్" అన్నాడు, పాసైతే పైకెక్కమని. వాడికి కావలసింది పైపు మోసే భుజం, దాని కింద మనిషున్నాడా లేడా అన్నది వాడికి అనవసరం.

మూడు వారాలకి కంపెనీ బస్సు మెట్లెక్కలేక అన్న కింద పడిపోయాడు. ఆస్పత్రికి నేనే వెంట వెళ్లాను. మళ్లీ ఎకో తీశారు. డాక్టర్ పిడికిలి మూసి తెరిచి నాకు చెప్పాడు. గుండె ఒకసారి పిండినప్పుడు లోపల నిండిన రక్తంలో ఎంత భాగం బయటికి తోస్తుందో ఆ లెక్క ఇది. నూటికి నూరు ఎవరికీ రాదు. బాగున్న గుండెకి యాభై అయిదు నుంచి డెబ్బై దాకా ఉంటుంది. ముప్పై అయిదంటే గుండె బాగా బలహీనపడినట్టు. ఇప్పుడు ఇరవై అయిదుకి దిగింది. అంకె ఒక్కటే కాదు, ఆయాసం, వాపు కూడా చూసుకోవాలన్నాడు. ఆ రెండూ మేం రోజూ చూశాం. గుడ్డివాళ్లం కూడా కాదు.

పడుకుంటే ఊపిరాడక అన్న మంచం మీద కూర్చునే ఉన్నాడు.

"ఫెయిల్ అన్నా. పోయినసారి కూడా ఫెయిలే. నేనే తప్పు చెప్పిన."

అన్న తిట్టినా బాగుండేది.

"బరువు మొయ్యొద్దని డాక్టర్ చెప్పింది నాకప్పుడే సమజైంది తమ్మీ" అన్నాడు. "చదువుకున్నోనివి, నువ్వు పాసన్నవ్ గదా అని పోయిన."