ఉప్పుగాలిలో మావయ్య కారు

మా మావయ్య, అంటే నా భర్త తండ్రి, కిందటి వారం కన్నుమూశారు. టెక్కలిలో నేను పాఠం చెబుతుండగా ఫోన్ వచ్చింది. తోటలో కొబ్బరికాయలు దింపించి వచ్చి, మజ్జిగ తాగి అరుగు మీద నడుం వాల్చారట. మళ్లీ లేవలేదు. చెప్పింది మా అత్తయ్య. అంత ఏడుపులోనూ, "బేగి రావాలని జోరుగా తోలకమ్మా, నిమ్మళంగా రా" అన్నారు.

కారు నడపడం నాకు నేర్పింది మావయ్యే. దాన్ని తుడవడం కూడా.

మాది ఉద్దానంలో అక్కుపల్లికి దగ్గర ఊరు. ఆయనది జీడి, కొబ్బరి వ్యవసాయం. తన తెల్ల కారంటే ప్రాణం. ఎంత కడిగినా ఎండకీ సముద్రపు గాలికీ దాని నల్ల ప్లాస్టిక్ భాగాలన్నీ, అంటే బంపర్లు, అద్దాల తొడుగులు, తలుపుల అడుగు పట్టీలు, బూడిద పూసినట్టు అయిపోయేవి.

మా పెళ్లి పలాసలో జరిగింది. కొత్త కోడలు తన కారులోనే ఇంటికి రావాలని ఆయన పట్టు. ఆ పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా, వెలిసిపోయిన ఆ ప్లాస్టిక్‌కి బూట్ పాలిష్ రాసేశారు. చూడ్డానికి కొత్త బండిలాగే ఉంది. ఇంటి ముందు నేను దిగుతుంటే పసుపు పట్టుచీర కుచ్చిళ్లు తలుపు కింది పట్టీకి రాసుకున్నాయి. మోకాలి దగ్గర నుంచి అంచు దాకా నల్లటి చార పడింది.

హారతి పళ్లెం గాలిలోనే ఆగిపోయింది. వెనక నుంచి ఎవరో పెద్దావిడ, "గుమ్మం తొక్కకముందే ఈ నలుపేటి? ఇదేటి శకునమే?" అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. తల ఎత్తలేకపోయాను.

మావయ్య జనాన్ని తప్పించుకుంటూ ముందుకొచ్చారు. "శకునం నేదు, ఏటీ నేదు. నానే బూట్ పాలిషు రాసీసినాను. తెలివితక్కువ నాది, ఆ పిల్లది కాదు" అన్నారు. అయినా గుసగుసలు ఆగలేదు. ఆయన ఒక్క క్షణం చూసి, గిరుక్కున తిరిగి, కట్టుకున్న కొత్త తెల్ల పంచెతో బంపరుకి ఆనుకుని ఇటూ అటూ రుద్దేసుకున్నారు. తర్వాత అందరికీ వీపు తిప్పి నిలబడ్డారు.

"సూడండి, నాకూ అంటీసింది. నన్ను కూడా ఇంట్లోకి రానివ్వరేటి?"

ముందు మా అత్తయ్య నవ్వారు. పళ్లెంలో కర్పూరం వణికేంతగా నవ్వారు. తర్వాత ఆ శకునం అన్న పెద్దావిడా నవ్వింది. ఆ నవ్వుల మధ్యే, నేనూ నవ్వుతూ, కుడికాలు లోపల పెట్టాను.

చీర మరక పోలేదు గానీ, ఆయన పట్టుదల పెరిగింది. తర్వాత ఇంట్లో ఉన్నదే కదా అని కొబ్బరినూనె రాశారు. సాయంత్రానికి దారిలో దుమ్మంతా పట్టి బంపరు పిండిలో పొర్లించినట్టయింది. "నూనె ఎలాగూ రాసినారు, పోపు కూడా పెట్టీయండి" అన్నారు అత్తయ్య.

చివరికి నేను ఫోన్లో వెతికి పద్ధతి చదివి వినిపించాను. పలాసలో ప్లాస్టిక్‌కి రాసే మందు సీసా దొరికింది. అప్పటినుంచి ఆదివారం పొద్దుట మా ఇద్దరికీ అదే పని. ముందు సబ్బు నీళ్లు, గీతల్లో ఇరుక్కున్న మట్టికి పాత పళ్ల బ్రష్షు. కడిగాక నీడలో పూర్తిగా ఆరనివ్వాలి. అప్పుడు గుడ్డతో పల్చగా మందు పట్టించి, కాసేపాగి పొడిగుడ్డతో తుడవాలి. "రాయడం ఎవుడైనా రాత్తాడమ్మా. మిగిలిపోయింది తుడవడమే పని" అనేవారు. ఆఖర్న తెల్ల రుమాలుతో రుద్దేవారు. మరక అంటకపోతే నాకేసి చూసి కనుబొమ్మలెగరేసేవారు.

కడగగానే నేను "నల్లగా వచ్చేసింది మావయ్యా" అంటే ఒప్పుకునేవారు కాదు. "తడి మీద అన్నీ నల్లగానే కనబడతాయి. ఆరినాక సూడు" అనేవారు. ఊళ్లో ఓట్ల కోసం వచ్చిన వాళ్లను ఎవరైనా మెచ్చుకున్నా అదే మాట.

అలా ఒక ఆదివారం అద్దాల తొడుగు తుడుస్తూ అడిగారు. "టెక్కలి బళ్లో సెప్పీదానివి కదా, ఎందుకు మానీసినావు?"

"బస్సులు కుదరలేదు మావయ్యా. ఇంటికొచ్చేసరికి చీకటి పడిపోయేది."

ఆయన రెండో తొడుగు కూడా తుడిచారు. పని పూర్తయ్యాక తాళం నా చేతిలో పెట్టారు. "ఎక్కు. మరి నువ్వే తోలుకెళ్లు."

నేర్చుకుంటున్న రోజుల్లోనే కొబ్బరిచెట్టుకి గుద్దేశాను. అప్పుడే తుడిచిన బంపరు మీద లోతుగా గీత. నేను సీట్లోనే బిగుసుకుపోయాను. మావయ్య దిగి, ముందు చెట్టుని తడిమి చూశారు. "దీనికేటీ అవ్వనేదు, బతికిపోనాది!" తర్వాత బంపరు మీద వేలు పెట్టి, "గీత ఇంక పోదు. నలుపైతే ఎయ్యగలం. పద, మళ్లీ తోలు" అన్నారు. ఆ ఏడు బడులు తెరిచినప్పుడు నేను మళ్లీ ఉద్యోగంలో చేరాను.

ఆయన్ని తలచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఈమధ్యటి ఒక సాయంత్రం. బంపర్లు తుడిచి, పట్టీలు నిగనిగలాడుతుండగా, "అక్కుపల్లి తీరానికి పోదుమా?" అన్నారు. అత్తయ్యను వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరాం. ఇసుక దాకా వెళ్లి ఆపాను. గాలి హోరున కొడుతోంది. అద్దం మీద అప్పుడే ఉప్పు తుంపర.

"పొద్దున్నుంచీ పడ్డ కష్టమంతా పాడైపోతుంది మావయ్యా. ఇంత దగ్గరికెందుకు తెప్పించారు?" అన్నాను.

ఆయన వింతగా చూశారు. "తెల్లబడితే మళ్లీ కడుగుదుం. కారు కోసం సముద్రం మానీత్తామేటి?"

తలుపు వేయడం కూడా మరచిపోయి దిగారు. పంచె మోకాళ్ల పైకి ఎగ్గట్టి, అత్తయ్య చెయ్యి పట్టుకుని, వలలు లాగుతున్న వాళ్లను పేరుపేరునా పలకరిస్తూ, తడి ఇసుక దాటి నీళ్లలోకి నడిచారు. ఒక అల వచ్చి ఇద్దర్నీ నడుం దాకా తడిపేసింది. అత్తయ్య కేక పెట్టారు. మావయ్య ఇంకో అడుగు లోపలికి వేశారు.